ఎండ ముదరకముందే మన కర్తవ్యం

ఇల్లు అంటుకున్న తరువాత బావి త్రవ్వబూనడం అవివేకమని మన పెద్దలు ఏనాడో చెప్పారు. ఆ మాట ఎరుగనివారు లేరు గాని, దానిని ఆచరణలో పెట్టినవారు మాత్రం అరుదు. శివరాత్రికి చలి "శివ శివా" అంటూ వెళ్లిపోతుందనీ, రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనీ మన పల్లెల్లో పసిపిల్లలు సైతం చెప్పగలరు. ఈ రెండు సామెతల నడుమ ఉన్న వ్యవధి ఇంచుమించు మూడు మాసాలు. మన నల్లగొండ, పాలమూరు మెట్ట ప్రాంతాలలో వేసవి తీసుకుపోయే ప్రాణాలను నిలుపుకొనేందుకు చేయవలసిన సన్నాహమంతా ఈ మూడు మాసాల్లోనే జరగాలి. అది ప్రభుత్వ కార్యాలయాలకు మాత్రమే వదిలివేయదగిన పని కాదనీ, అందులో మన కళాశాలకు, విశేషించి మన విద్యార్థులకు, మరెవ్వరూ నిర్వహింపలేని పాత్ర ఒకటి ఉన్నదనీ ఈ వ్యాసం ద్వారా మనవి చేయదలచుకున్నాను.

ప్రకృతి వైపరీత్యమనగానే మన మనస్సులో మెదిలేవి వరదలు, తుఫానులు. అందుకు కారణం లేకపోలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీనది హైదరాబాదు నగరాన్ని ముంచెత్తినప్పుడు సుమారు పదిహేను వేలమంది మరణించారని అంచనా. ఆ ఘోరం చరిత్రలో ఎన్నో గుర్తులను మిగిల్చిపోయింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాతో రూపొందిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు అట్టి గుర్తులే. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నూట యాభైమందిని తన కొమ్మల మీద నిలిపి కాపాడినదని చెప్పుకొనే చింతచెట్టు మరొక గుర్తు. ఆ వరదలో తల్లినీ, భార్యనూ, కుమార్తెనూ పోగొట్టుకున్న అమ్జద్ హైదరాబాదీ ఉర్దూ కవిత్వంలో ఆ దుఃఖాన్ని శాశ్వతం చేశాడు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి పదివేలమందికి పైగా పొట్టన పెట్టుకున్నది. తీరం పొడవునా తుఫాను రక్షిత భవనాలు వెలసింది ఆ తరువాతనే. 2009 అక్టోబరు మొదటి వారంలో కృష్ణా, తుంగభద్రలు ఒక్కసారిగా పొంగి, శ్రీశైలం జలాశయం 885 అడుగుల పూర్తి మట్టాన్ని దాటి 896 అడుగులకు పైగా చేరినప్పుడు, నాటి మన మహబూబ్‌నగర్ జిల్లాలోని అలంపురం ప్రాంతం, నేతగాండ్ర ఊరైన రాజోలి జలమయమైన సంగతి మనలో చాలమందికి తెలుసు.

నీరు వచ్చినప్పుడు కూలిన గోడలుంటాయి, కొట్టుకుపోయిన వంతెనలుంటాయి, పత్రికలలో ఛాయాచిత్రాలుంటాయి. ఎండకు ఇవేవీ ఉండవు. ఉన్న ఇల్లు ఉన్నట్లే ఉంటుంది, ఊరు ఊరుగానే కనిపిస్తుంది. మధ్యాహ్నం పొలం నుండి తిరిగివచ్చి మంచం మీద వాలిన మనిషి సాయంత్రానికి లేవడు. "పెద్దవాడైపోయాడు, గుండె ఆగిపోయింది" అని ఇరుగుపొరుగువారు సమాధానపడతారు. మూసీ వరదకు కవి దొరికాడు గాని, వడగాడ్పుకు కవి దొరకలేదు. జ్ఞాపకముంచుకొనని విపత్తు నుండి ఏ సమాజమూ పాఠం నేర్చుకొనలేదు.

అట్లని ఈ విపత్తు చిన్నదనుకోరాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 వేసవిలో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా మరణించారు. 2015 మే నెలాఖరున ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు రెండింటిలో కలిపి పోయిన ప్రాణాలు సుమారు రెండు వేలు. ఆ యేడు తెలంగాణలో అధికంగా నష్టపోయిన జిల్లాలలో మన నల్లగొండ ఒకటి. ఇవి కూడ లెక్కకు ఎక్కినవి మాత్రమే. తహసీలుదారు, వైద్యాధికారి, పోలీసు సబ్ ఇన్‌స్పెక్టరు ముగ్గురూ కలిసి నిర్ధారించిన మరణాన్నే ప్రభుత్వం వడదెబ్బ మరణంగా గుర్తిస్తూ వచ్చింది. ఊరి శివారులోని తండాలోనో, మసీదు వెనుక సందులోని రేకుల గదిలోనో కన్నుమూసిన వృద్ధురాలికి ఈ ముగ్గురి సంతకాలు సంపాదించేదెవరు? అంత్యక్రియలు ముగిసిన తరువాత ఆ నిర్ధారణ మరీ కష్టం. కావున కాగితం మీది సంఖ్యకన్న వాస్తవ సంఖ్య ఎక్కువని భావించడం అతిశయోక్తి కాజాలదు.

మన నేల స్వభావం కూడ ఇందుకు తోడ్పడుతున్నది. నల్లగొండ అన్న పేరే రాతిని తలపిస్తుంది. పగలంతా సూర్యుని వేడిమిని త్రాగిన గుట్టలు, బండనేలలు రాత్రివేళ దానిని తిరిగి విడుస్తుంటాయి. పెంకుటిళ్లు, కప్పిళ్లు తగ్గి వాటి స్థానంలో రేకుల ఇళ్లు, పలుచని శ్లాబు గదులు పెరిగాయి. పగటి ఎండకు అలసిన శరీరం కోలుకొనవలసింది రాత్రిపూట. ఆ రాత్రియే చల్లబడనప్పుడు, వరుసగా మూడు నాలుగు దినాలు గడిచేసరికి బలహీనుల గుండె, మూత్రపిండాలు అలసిపోతాయి. అందువల్లనే వడగాడ్పు తొలినాటికన్న మూడవనాడు, నాలుగవనాడు ఎక్కువ ప్రమాదకరం.

దీనికి తోడు మన జిల్లాలో మరొక చిక్కు ఉన్నది. ఎండకాలంలో నీరు ఎక్కువగా త్రాగమని వైద్యులందరూ చెప్పే మాట. కాని నల్లగొండ పల్లెల్లో బోరు నీటిలో ఫ్లోరైడ్ ఉన్నది. ఎంత ఎక్కువ త్రాగితే అంత ఎక్కువగా ఆ విషం ఎముకలలోకి చేరుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతి ప్రపంచమంతటా "నల్లగొండ పద్ధతి" అన్న పేరుతోనే ప్రసిద్ధి చెందిందంటే మన దుస్థితి ఎంత దూరం ప్రాకిందో గ్రహించవచ్చు. మిషన్ భగీరథ పథకం ద్వారా నదీజలాలు ఇళ్లకు వచ్చిన తరువాత ఈ బాధ చాలవరకు తగ్గింది. అయినప్పటికీ పొలాల దగ్గర, ఇటుక బట్టీల దగ్గర, రోడ్డు పనుల దగ్గర దాహం వేసినవాడు అందిన బోరు నీటినే త్రాగుతున్నాడు. ఇంట్లో మంచినీరు ఉన్నంత మాత్రాన పనిచోట మంచినీరు ఉన్నట్లు కాదు.

ఇక చట్టం సంగతి పరిశీలిద్దాం. విపత్తుల నిర్వహణకై 2005లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ప్రతి జిల్లాకు కలెక్టరు అధ్యక్షతన ఒక సంస్థ ఏర్పడాలి, ప్రతి జిల్లాకు ఒక ప్రణాళిక ఉండాలి. సహాయనిధి ఖర్చుకు అర్హమైన విపత్తుల జాతీయ జాబితాలో తుఫాను, కరవు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద మొదలైనవాటితోపాటు 2012లో మంచు, శీతగాలులను కూడ చేర్చారు. ఉత్తర దేశంలో చలికి ప్రాణాలు పోతున్నాయి గనుక అది న్యాయమే. కాని ఆనాడు వడగాడ్పును ఆ జాబితాలో చేర్చలేదు. 2021 నుండి 2026 వరకు వర్తించే నివేదికలో పదిహేనవ ఆర్థిక సంఘం కూడ ఆ జాబితాను విస్తరింపవలసిన అవసరం కనబడలేదన్నది. హైదరాబాదు నగరంలో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 1946 జనవరి 8న 6.1 డిగ్రీలు. మన ప్రాంతంలో చలి ఎంత తీవ్రమైనా ఆ దరిదాపులకు వెళ్లడమే అరుదు. ఎండ మాత్రం ప్రతి యేడూ నలభై దాటి, నలభై అయిదును అందుకొంటున్నది. అనగా మనల్ని అరుదుగా బాధించే చలి జాతీయ విపత్తుగా గుర్తింపు పొందింది, ఏటేటా మన ఇళ్లలో ప్రాణాలు తీసుకుపోయే ఎండ అన్ని సంవత్సరాలపాటు ఆ గుర్తింపుకు నోచుకోలేదు.

తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడగాడ్పును, వడదెబ్బను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు చెల్లించే సహాయాన్ని యాభై వేల రూపాయల నుండి నాలుగు లక్షలకు పెంచింది. ఇది హర్షింపదగిన నిర్ణయం. దిక్కు కోల్పోయిన కూలి కుటుంబానికి ఆ సొమ్ము నిజమైన ఆసరా. కాని ఆ సొమ్ము అందవలెనంటే ముందు ఒకరు మరణించాలి. మరణం తరువాత వచ్చే సాయం గురించి మనం ఎంత చర్చించుకుంటున్నామో, మరణాన్ని ఆపే సన్నాహం గురించి అందులో పదవవంతు కూడ చర్చించుకోవడం లేదు.

సన్నాహం వలన ప్రయోజనమున్నదా అన్న ప్రశ్నకు నిదర్శనాలతో సమాధానం చెప్పవచ్చు. 2010 మే నెలలో అహమ్మదాబాదు నగరాన్ని వడగాడ్పు కుదిపివేసింది. ఆ ఒక్క మాసంలో మామూలుకన్న పదమూడు వందలకు పైగా మరణాలు అధికంగా సంభవించాయని తరువాత జరిగిన పరిశోధనలో తేలింది. ఆ నగరం మేలుకొని 2013లో దక్షిణాసియాలోనే మొట్టమొదటి ఎండ కార్యాచరణ ప్రణాళికను అమలు చేసింది. ముందురోజే హెచ్చరిక, ఆసుపత్రులలో ప్రత్యేక ఏర్పాట్లు, మురికివాడలలో నీరు, పేదల ఇళ్ల పైకప్పులకు తెల్లసున్నం, ఇవే అందులోని అంశాలు. వీటిలో ఏదీ కోట్ల రూపాయలతో కూడినది కాదు. 2015 దుర్ఘటన తరువాత మన రాష్ట్రంతోసహా అనేక రాష్ట్రాలు ఆ బాట పట్టాయి. 2015లో రెండు వేలు దాటిన దేశవ్యాప్త వడదెబ్బ మరణాలు 2016లో 1,111కు, 2017లో 384కు, 2018లో 25కు తగ్గాయని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ లెక్కలు చెబుతున్నాయి. ఈ తగ్గుదలలో కొంత భాగం ఎండల తీవ్రతలోని హెచ్చుతగ్గుల వలన, మరికొంత లెక్కించే తీరు వలన కలిగి ఉండవచ్చు. అయినను ముందుజాగ్రత్త ప్రాణాలను కాపాడుతుందనుటలో సందేహం లేదు.

మరి ప్రభుత్వం ప్రణాళిక వేసినప్పుడు మన పని ఏమున్నది? ఈ ప్రశ్నకు సమాధానం అమెరికాలోని షికాగో నగరం చెబుతుంది. 1995 జులైలో అక్కడ కొద్ది రోజులపాటు వీచిన వడగాడ్పుకు ఏడు వందలమందికి పైగా మరణించారు. ధనిక దేశం, గొప్ప ఆసుపత్రులున్న నగరం, విద్యుత్తుకు కొదవలేదు. అయినా ఎందరో వృద్ధులు మూసిన తలుపుల వెనుక ఒంటరిగా ప్రాణాలు విడిచారు. ఆ మరణాలను పరిశోధించిన ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక విచిత్రాన్ని గమనించాడు. పక్కపక్కనే ఉన్న రెండు పేటలు, రెండూ పేదవే. ఒకదానిలో వీధులు నిర్మానుష్యం, దుకాణాలు మూతబడ్డాయి, వృద్ధులు గడప దాటరు. రెండవదానిలో వీధి నిండా జనం, అంగళ్లు, పలకరింపులు. మొదటి పేటలో మరణాల రేటు రెండవదానికి పది రెట్లు. రెండవ పేటలోని వృద్ధులకు నడిచి చేరగల అంగడి ఉన్నది, తలుపు తట్టే పొరుగువాడున్నాడు. నాలుగేళ్ల తరువాత 1999లో మళ్లీ వడగాడ్పు వీచినప్పుడు ఆ నగర పాలకులు ఒంటరి వృద్ధుల ఇళ్లకు మనుషులను పంపి యోగక్షేమాలు విచారించే ఏర్పాటు చేశారు. మరణాలు ఎంతో తగ్గాయి.

మా ఊళ్లలో పలకరింపులకేమి కొదవ అని మీరు అనవచ్చు. ఒకప్పుడు ఆ మాట నిజమే. కాని పాలమూరు పల్లెలను ఒక్కసారి పరికించి చూడండి. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఎక్కడ కాలువ త్రవ్వినా పాలమూరు కూలీల చెమట అందులో కలిసిందని చెప్పుకొంటాం. దేవరకొండ తండాల నుండి, నారాయణపేట, మక్తల్ ప్రాంతాల నుండి వయసులో ఉన్నవారు హైదరాబాదుకు, ముంబయికి, పుణెకు వలసపోతూనే ఉన్నారు. ఇంటి దగ్గర మిగిలేది అవ్వాతాతలు, వారి దగ్గర వదిలిన పసిపిల్లలు. వలసపోయినవారు సైతం నగరంలో ప్లాస్టిక్ పట్టాల గుడారాలలో, కట్టడాల నీడన తలదాచుకుంటున్నారు. మన జిల్లాల ఇటుక బట్టీలలో పనిచేయడానికి ఒడిషా నుండి వచ్చిన కుటుంబాలకు తెలుగూ రాదు, ఉర్దూ రాదు. షికాగోలోని ఆ మొదటి పేట ఇప్పుడు మన పల్లెలోనే, మన మొహల్లాలోనే ఉన్నది.

వాతావరణ శాఖవారు పసుపు, నారింజ, ఎరుపు రంగులతో హెచ్చరికలు జారీ చేస్తున్నారు. అవి కలెక్టరు కార్యాలయానికి, పత్రికలకు, టెలివిజనుకు, చేతి ఫోనుకు చేరుతున్నాయి. కాని చదవడం రాని గొర్రెల కాపరికి ఎరుపు రంగు హెచ్చరిక ఎవరు వినిపిస్తారు? చెవులు సరిగా వినబడని ముసలమ్మకు "రేపు మధ్యాహ్నం వద్దమ్మా, ప్రొద్దున్నే కట్టెలు తెచ్చుకో" అని ఎవరు చెబుతారు? కలెక్టరు కార్యాలయానికీ ఆమె గడపకూ మధ్య మిగిలిపోయిన ఆ చివరి నూరు గజాలు నడువవలసినది మనమే. మన కళాశాలలో తెలుగు, ఉర్దూ రెండు భాషలూ ఉన్నాయి. లంబాడీ మాట్లాడే విద్యార్థులున్నారు. వడగాడ్పు అన్నా, "లూ" అన్నా చంపే గాలి ఒక్కటే. ఆ సంగతి ఎవరి భాషలో వారికి చెప్పగలిగే ఇంతమంది యువకులు ఒకే చోట ఉన్న సంస్థ ఈ చుట్టుప్రక్కల ఎన్ని ఉన్నాయి?

విద్యార్థినీ విద్యార్థులారా, వార్షిక పరీక్షలు ముగియగానే మీరు ఎవరి ఊరికి వారు వెళ్లిపోతారు. ఎండలు ముదిరేదీ అప్పుడే. కళాశాల మూతబడే కాలం, విపత్తు మొదలయ్యే కాలం ఒక్కటే కావడం మన పాలిట వరమని నేను భావిస్తున్నాను. ఏలనగా అవసరమైన చోటనే, అవసరమైన వేళనే మీరు ఉంటారు. మీరు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. అవి కష్టసాధ్యమైనవి కావు.

మొదటిది జాబితా. ఎవరి వీధిలో వారు, ఎవరి తండాలో వారు ఒక నోటుపుస్తకం తీసుకొని వ్రాయండి. ఒంటరిగా ఉన్న వృద్ధులెవరు, మంచం పట్టినవారెవరు, గర్భిణులెవరు, రక్తపోటుకు, గుండెకు, మధుమేహానికి మందులు వాడుతున్నవారెవరు, రేకుల కప్పు క్రింద పగలంతా గడిపేవారెవరు, ఎండలో కూలి చేసేవారెవరు. ప్రతి పేరు ఎదుట, కష్టం వస్తే పిలువదగిన ఒక పొరుగువారి పేరు ఉండాలి. ఇరవై ఇళ్లకు ఒక విద్యార్థి చాలును. హెచ్చరిక వచ్చిన దినాల్లో ప్రొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ తలుపులు తట్టి పలకరించండి. ఈ పనికి విద్యార్థినులే ఎక్కువ అర్హులని నా నమ్మకం. ఇంటిలోపలి స్త్రీలతో, పరదాలో ఉన్న వృద్ధురాండ్రతో మనసు విప్పి మాట్లాడగలిగేది వారే. తమ వీధిలోనే, ఇద్దరిద్దరుగా వెళితే తల్లిదండ్రులకూ అభ్యంతరముండదు.

రెండవది నీరు. చలివేంద్రం మన సంస్కృతికి క్రొత్త కాదు. హాలుని గాథాసప్తశతిలో బాటసారికి నీరు పోసే ప్రపాపాలిక కనిపిస్తుంది. దాహం తీరినా ఆమెను మరికొంతసేపు చూడాలని అతడు వ్రేళ్ల సందుల నుండి నీరు జారవిడుస్తుంటే, ఆమె కూడ ధారను సన్నగిల్లజేస్తుంది. రెండు వేల యేండ్ల నాటి ఆ ధర్మమే హైదరాబాదు రాజ్యంలో ఆబ్దార్‌ఖానాగా, సబీలుగా కొనసాగింది. కాని నేడు మనం పెట్టే చలివేంద్రాలు చాలవరకు బస్టాండు ఎదుట, ఫ్లెక్సీ బొమ్మలు కనబడే కూడలిలో వెలుస్తున్నాయి. ప్రారంభోత్సవం నాటి కుండలు పదిరోజులకే ఎండిపోతున్నాయి. నీటి అవసరం కూలీల అడ్డా దగ్గర, సంత దగ్గర, బట్టీ దగ్గర, ఊరికి దూరంగా పని జరిగే చోట ఎక్కువ. అక్కడ భగీరథ నీటితో నింపిన రెండు కుండలు, మూతలు, ఒక పొడవు కాడ గరిటె, రోజూ కడిగే ఒక మనిషి ఉంటే చాలును. మసీదు ఎదుటి కుండకు, గుడి ఎదుటి కుండకు దప్పిక తేడా తెలియదు.

మూడవది ప్రథమచికిత్స. తలనొప్పి, వాంతులు, కాళ్ల పిక్కలు పట్టడం తొలి సూచనలు. అప్పుడు నీడకు చేర్చి, మజ్జిగనో, ఉప్పు వేసిన గంజినో, అంబలినో, లీటరు నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపిన ద్రావణమో కొద్దికొద్దిగా త్రాగించాలి. మాట తడబడినా, మనిషి తికమకపడి ఏదేదో పలుకుతున్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. శరీరపు వేడి 40 డిగ్రీలకు చేరి మెదడును తాకుతున్నదని అర్థం. ఆ స్థితిలో ఒక్కొక్క నిమిషమూ విలువైనదే. 108కి ఫోను చేయాలి. వాహనం వచ్చేవరకు చేతులు కట్టుకొని కూర్చోరాదు. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చల్లని నీటితో తడిపి, విసురుతూనే ఉండాలి. మెడ, చంకలు, గజ్జల దగ్గర తడిగుడ్డలు ఉంచాలి. స్పృహలేనివారి నోట మాత్రం నీరు పోయరాదు, అది ఊపిరితిత్తులలోకి పోయి ప్రాణం తీస్తుంది. తెలియక చేసే ఈ ఉపకారం వలన కలిగే అపకారం అంతా ఇంతా కాదు.

నాలుగవది పనివేళలు. 2006లో ఉపాధి హామీ పథకం దేశంలో తొలి విడతగా ప్రారంభమైన జిల్లాలలో మన రెండు జిల్లాలూ ఉన్నాయి. పనిచోట త్రాగునీరు, నీడ, ప్రథమచికిత్స పెట్టె ఉండి తీరాలని ఆ చట్టం నిర్దేశించింది. కాని అడిగేవాడు లేనిచోట చట్టం కాగితానికే పరిమితమైంది. పని ఏ పథకం క్రింద జరిగినా, ప్రైవేటు వ్యక్తి చేయించినా, పదకొండు గంటలలోపు ముగించాలని, తిరిగి నాలుగు గంటల తరువాతనే మొదలుపెట్టాలని అడగడం నేరం కాదు. కూలివాడు తనంతట తాను అడిగితే పని పోతుందని భయపడతాడు. చదువుకున్న పదిమంది యువకులు వెంట నిలబడితే ఆ భయం తగ్గుతుంది.

ఇక కళాశాల పాలకవర్గంవారికి నా విన్నపాలు. పరీక్షలకు ముందే ఒక మధ్యాహ్నం ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారిని పిలిపించి ప్రథమచికిత్సలో శిక్షణ ఇప్పించాలి. విద్యార్థులు తయారుచేసిన జాబితాల ప్రతులను ఆరోగ్య కేంద్రానికి, తహసీలుదారుగారికి, ఆయా గ్రామ పంచాయతీలకు అందజేసి, అవి బజారున పడకుండ జాగ్రత్తపడాలి. జాతీయ సేవాపథకం శిబిరం ప్రతి యేటా ఏదో ఒక గ్రామంలో జరుగుతూనే ఉన్నది. రోడ్లు ఊడ్వడంతో సరిపుచ్చక, ఆ గ్రామంలోని రేకుల ఇళ్ల పైకప్పులకు తెల్లసున్నం వేయిస్తే లోపలి వేడి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. అన్నింటికన్న ముఖ్యంగా, మే నెలలో తాళం వేసి ఉంచే మన హాలును మధ్యాహ్నం పన్నెండు నుండి నాలుగు వరకు బాటసారులకు, అడ్డా కూలీలకు, వృద్ధులకు తెరచి ఉంచాలి. పంకాలు ఉన్నాయి, నీరు ఉన్నది, చెట్ల నీడ ఉన్నది.

ఖర్చు ఎవరు భరిస్తారు, సామాను పోతే బాధ్యత ఎవరిది, పరీక్షల వేళ విద్యార్థుల చదువు పాడవదా అని కొందరు పెద్దలు సందేహించవచ్చు. ఇవి కొట్టిపారవేయదగినవి కావు. కాని హాలులో పోయేందుకు విలువైన సామానేదీ లేదు, ఇద్దరు కాపలాదారుల జీతం ఎటూ ఇస్తూనే ఉన్నాం. జాబితా తయారీకి ఒక్కొక్క విద్యార్థికి రెండు ఆదివారాలు చాలును. ఇది ప్రభుత్వం చేయవలసిన పని కదా అన్నవారికి నా సమాధానమొకటే. ప్రభుత్వాన్ని అడగడం మానవద్దు. జిల్లా ప్రణాళికలో మన మండలానికి ఏమి వ్రాశారో, ఆరోగ్య కేంద్రంలో ద్రావణపు పొట్లాలు ఎన్ని ఉన్నాయో అడిగి తెలుసుకోవడం పౌరుల హక్కు. అయితే మనిషి కూలబడిన తరువాత మొదటి పది నిమిషాలలో అక్కడ ఉండేది పొరుగువాడే. ఆ పొరుగువానికి ఏమి చేయాలో తెలిసి ఉండాలి.

ఈ శ్రమ ఎండతోనే ముగిసిపోయేది కూడ కాదు. ఎండకాలంలో ఏ ఇంటి తలుపు తట్టామో, పుష్య మాసపు చలిలోనూ తట్టవలసింది ఆ తలుపులనే. మన మెట్టభూములపై మబ్బులేని రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. కంబళి లేని అవ్వ, బట్టీ దగ్గర పట్టా క్రింద పడుకొన్న పసిబిడ్డ, ఆరుబయట మందను కాచే గొల్లవాడు చలికి వణికిపోతారు. తలుపులన్నీ బిగించుకొని గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించినవారు, దాని నుండి వెలువడే వాసనలేని విషవాయువు వలన తెల్లవారేసరికి విగతజీవులైన ఉదంతాలు ఏటా ఏదో ఒక చోట వింటూనే ఉన్నాం. కిటికీ కొంచెం తెరచి ఉంచమని చెప్పేందుకు ఒక మనిషి ఉంటే అవి జరగవు. వరద వచ్చినప్పుడు ముందుగా ఎవరిని తరలించాలో కూడ ఆ నోటుపుస్తకమే చెబుతుంది. విపత్తు ఏదైనా ముందుగా నలిగిపోయేవారు వారే గనుక, ఒకసారి వ్రాసిన జాబితా మూడు కాలాలలోనూ ఉపయోగపడుతుంది.

మిత్రులారా, ఈ సంచికలో మీ కథలు, కవితలు, ఛాయాచిత్రాలు అచ్చయ్యాయి. వాటిని చూసుకొని మీరు సంతోషించడం సహజం, సమంజసం. వచ్చే యేటి సంచికలో మరొక పుట చేరాలని నా ఆకాంక్ష. "ఈ వేసవిలో మన విద్యార్థులు ఇన్ని ఊళ్లలో, ఇన్ని ఇళ్ల తలుపులు తట్టారు, స్పృహ తప్పిన ఇంతమందిని సకాలంలో ఆసుపత్రికి చేర్చారు" అన్న రెండు వాక్యాలు ఆ పుటలో ఉంటే చాలును. శివరాత్రి వెళ్లేలోగా ప్రతి తరగతి నుండి కనీసం నలుగురు పేర్లు ఇవ్వండి. నోటుపుస్తకాల ఖర్చు మా తెలుగు శాఖ భరిస్తుంది.